టెన్సుల పట్టిక పక్కన పెట్టమ్మా

మా అపార్ట్‌మెంట్లో కింది అంతస్తులోకి ఆగస్టులో ఒకమ్మాయి దిగింది. ఎమ్మెస్ చేయడానికి ఖమ్మం నుంచి అమెరికా వచ్చింది. మొన్న కాస్త పప్పుచారు ఇద్దామని వెళ్తే, ల్యాప్‌టాప్ ముందు గ్రామర్ వీడియోలు పెట్టుకుని కూర్చుంది. "అక్కా, చదివితే అర్థమవుతుంది, రాయడమూ పర్లేదు. క్లాసులో నోరు తెరవాలంటేనే టెన్షన్. అందుకే గ్రామర్ మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టా. పన్నెండు టెన్సులూ బట్టీ కొడుతున్నా" అంది.

వీడియో ఆపించాను. 2003లో హెచ్4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద వస్తే భార్యకి ఇచ్చేది) మీద న్యూజెర్సీలో దిగినప్పుడు నేనూ అదే పని చేశాను. తెనాలిలో తెలుగు మీడియం చదువు, తర్వాత బీకాం. టెన్సుల పట్టిక నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని. మాట్లాడేటప్పుడు ఆ పట్టిక ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. నా తప్పుల్లో ముప్పాతిక వంతు తెలుగు బాగా రావడం వల్ల వచ్చినవే అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. మనం తెలుగులో వాక్యం కట్టుకుని, దానికి ఇంగ్లీషు మాటలు తొడుగుతాం. ఎక్కడెక్కడ పిగులుతుందో తెలుసుకుంటే చాలు. అలాంటి చోట్లు మరీ ఎక్కువేం లేవు.

వచ్చిన ఏడాదే ఒక ల్యాబుకి రక్తపరీక్షకి వెళ్ళాను. పరగడుపున రమ్మన్నారు, అలాగే వెళ్ళాను. సూది పట్టుకున్నావిడ "యూ హ్యావెంట్ ఈటెన్ ఎనీథింగ్?" అని అడిగింది. నేను చాలా ధీమాగా "యెస్" అన్నాను. ఆవిడ సూది పక్కన పెట్టేసి, రేపు ఏమీ తినకుండా రండి అని పంపేసింది. ఖాళీ కడుపుతో ఇల్లు చేరి, మా ఆయనకి చెబితే నవ్వాడు. తప్పు ఆవిడది కాదు. "ఏమీ తినలేదా?" అంటే మనం "అవును, తినలేదు" అంటాం. అడిగినవాళ్ళ మాట నిజమైతే అవును, కాకపోతే కాదు. ఇంగ్లీషులో అలా కుదరదు. ప్రశ్న ఎటు తిప్పి అడిగినా సరే, తిని ఉంటే యెస్, తినకపోతే నో. అప్పటి నుంచి నేను ఉత్త యెస్, ఉత్త నో అనడం మానేశాను. "నో, ఐ హ్యావెంట్", "యెస్, ఐ డిడ్" అని క్రియ కూడా కలిపి చెబుతాను. మందుల షాపులో ఎలర్జీల గురించి అడిగినప్పుడు, ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు పెంపుడు జంతువులు లేవు కదా అన్నప్పుడు, ఈ ఒక్క అలవాటు చాలా గొడవలు తప్పిస్తుంది.

ఇక వాక్యం కట్టడం సంగతి. తెలుగులో "ఆయన డాక్టరు" అంటే వాక్యం పూర్తయింది. క్రియ లేదు, అవసరమూ లేదు. "వచ్చాను" అన్న ఒక్క మాటా పూర్తి వాక్యమే, ఎవరు వచ్చారో చివర ఉన్న "ను" చెబుతుంది. ఇంగ్లీషులో ఈ రెండు సౌకర్యాలూ లేవు. కర్త ఉండి తీరాలి, క్రియ ఉండి తీరాలి. చెప్పడానికి కర్త దొరక్కపోతే "ఇట్" తెచ్చి నిలబెట్టాలి. బయట చలిగా ఉంది అనడానికి "ఇట్ ఈజ్ కోల్డ్ అవుట్‌సైడ్". ఆ ఇట్ ఎవరు, ఏమిటి అని అడగొద్దు. అది ఉత్సవ విగ్రహం. పనేమీ చేయదు, కానీ అది లేనిదే ఊరేగింపు కదలదు.

"హ్యావింగ్" దగ్గర నాకు జరిగిన పరాభవం ఇంకొకటి. మా చిన్నవాడు పుట్టాక పార్కులో ఒకావిడ పిల్లలెంతమంది అని అడిగితే "ఐ యామ్ హ్యావింగ్ టూ కిడ్స్" అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, నా పొట్ట వంక చూసి, కంగ్రాచులేషన్స్ చెప్పింది. కవలలు కడుపులో ఉన్నారనుకుంది పాపం. చెప్పాల్సింది "ఐ హ్యావ్ టూ కిడ్స్". దీనికి నేను కనిపెట్టుకున్న గుర్తు ఒకటుంది. తెలుగులో "నాకు" అని మొదలయ్యే వాక్యాలు చూడండి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు పిల్లలు. వీటికి ఇంగ్లీషులో చాలావరకు ఐఎన్‌జీ తగిలించకూడదు. ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ రిమెంబర్, ఐ హ్యావ్. తెలుగులో మనం "తెలుస్తున్నాను" అనం కదా, మరి ఇంగ్లీషులో "ఐ యామ్ నోయింగ్" ఎందుకు?

"డిడ్ యూ వెంట్?" అనేది మనవాళ్ళ నోట బాగా వినపడేది. భూతకాలం కదా అని రెండు చోట్లా పెట్టేస్తాం. డిడ్ వచ్చిందంటే భూతకాలం పని అక్కడే అయిపోయింది, వెనకాల మామూలు క్రియ చాలు. "డిడ్ యూ గో?", "ఐ డిడింట్ గో". ఈ సూత్రం తెలుగులో కూడా ఉంది, మనం గమనించం అంతే. వచ్చాను అంటాం కానీ "వచ్చలేదు" అనం, రాలేదు అంటాం. తిన్నాను, తినలేదు. "లేదు" చేరగానే ముందున్న మాట తన భూతకాలం వదిలేస్తుంది. ఆ అమ్మాయికి ఇది చెబితే "అరే, నిజమే" అని వేళ్ళ మీద నాలుగైదు క్రియలు లెక్కేసుకుంది.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు తెచ్చేది మన "నుంచి". "2003 నుంచి ఉంటున్నాను", "ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను". మనకి రెండూ ఒకటే. అందుకే "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ట్వెంటీ ఇయర్స్" అనేస్తాం. ఇందులో తప్పులు రెండు. ఒకటి, ఎప్పుడు మొదలైందో ఆ సంవత్సరమో తేదీయో చెబితేనే సిన్స్, ఎంతకాలమో కొలిచి చెబితే ఫర్. సిన్స్ 2003, ఫర్ ట్వెంటీ ఇయర్స్. రెండు, అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న దానికి "హ్యావ్" కావాలి. "ఐ హ్యావ్ లివ్డ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్" అనొచ్చు, "ఐ హ్యావ్ బీన్ లివింగ్" అన్నా సరే. ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాల్లోనే ఈ వాక్యం అవసరం పడుతుంది కాబట్టి పది సార్లు పైకి అనుకుని వెళ్ళండి. అలాగని ప్రతిదానికీ హ్యావ్ వద్దు. ఎప్పుడో చెప్పేస్తే మామూలు భూతకాలమే. "ఐ కేమ్ ఇన్ 2003". ఇక్కడ "ఐ హ్యావ్ కమ్ ఇన్ 2003" అంటే వినేవాళ్ళ చెవికి గుచ్చుకుంటుంది.

అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళకి ఇంకో మాట. ఎవరైనా "హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?" అని అడిగితే, మొత్తం ఎన్నాళ్ళుంటారు అని. "హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ హియర్?" అంటే వచ్చి ఎన్నాళ్ళైంది అని. మా నాన్నగారు మొదటి ప్రశ్నకి "టూ డేస్" అని చెబితే, పక్కింటి పెద్దాయన ఇంత దూరం రెండు రోజులకా అని జాలిపడ్డాడు. వాళ్ళ నాన్నగారి గురించి చెబుతూ "మై ఫాదర్, దే ఆర్ స్లీపింగ్" అన్నది మా ఆయన. గౌరవం కోసం బహువచనం వాడటం ఇంగ్లీషులో లేదు. ఎంత పెద్దవాళ్ళైనా హీ, షీ.

"వెళ్తాను" కూడా ఇలాంటిదే. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను, మనకి ఒకటే మాట. ఇంగ్లీషులో రోజూ చేసేదానికి "ఐ గో", రేపు చేయబోయేదానికి "ఐ విల్ గో" లేదా "ఐ యామ్ గోయింగ్". ఆఫీసులో ఎవరైనా ఈ పని ఎవరు చూస్తారంటే "ఐ డూ ఇట్" అని చేయెత్తకండి, "ఐ విల్ డూ ఇట్" అనండి. ఒక విషయంలో మాత్రం ఇంగ్లీషు మనకంటే చాలా తేలిక. మన క్రియ వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తాం, వెళ్తారు అని ఇన్ని వేషాలు వేస్తుంది. వాళ్ళది వర్తమానంలో ఒక్క హీ, షీ, ఇట్ దగ్గరే ఎస్ తగిలించుకుంటుంది. ఆ ఒక్క ఎస్ కూడా మనం మింగేస్తాం!

ఎ, యాన్, ద. ఇవి నాకు ఇప్పటికీ జారిపోతుంటాయి, దాచుకోవడం ఎందుకు. తెలుగులో ఇవి విడిగా లేవు, కానీ వాటి పని మాత్రం జరుగుతూనే ఉంటుంది. పైన నేను "ఒకమ్మాయి దిగింది" అని మొదలుపెట్టాను, తర్వాత "ఆ అమ్మాయి" అన్నాను. మొదటిసారి మీకు ఆమె ఎవరో తెలియదు, రెండోసారికి తెలుసు. ఎ, ద మధ్య తేడా దాదాపు ఇదే. మనం చెప్పేది ఏదన్నది ఎదుటి మనిషికి తెలిస్తే ద, తెలియకపోతే ఎ. "క్లోజ్ ద డోర్", ఎందుకంటే తలుపు ఇద్దరికీ కనిపిస్తోంది. "కెన్ ఐ హ్యావ్ ఎ పెన్?", ఏ పెన్నైనా సరే కాబట్టి. తెలుగులో ఈ "ఒక", "ఆ" లేకపోయినా వాక్యం నడుస్తుంది, ఇంగ్లీషులో లేకపోతే కుంటుతుంది. కొన్ని మాత్రం అలవాటు మీద రావాల్సిందే. "ఐ గో టు వర్క్"లో ద లేదు, "ఐ గో టు ద బ్యాంక్"లో ఉంది. ఆసుపత్రిలో చేరితే అమెరికాలో "ఇన్ ద హాస్పిటల్" అంటారు, బ్రిటన్‌లో ద తీసేసి "ఇన్ హాస్పిటల్" అంటారు. కారణం వెతికి లాభం లేదు.

యాన్ ఎక్కడ పెట్టాలో తెలియకపోతే తెలుగు లిపి సాయం చేస్తుంది. ఆ మాటని తెలుగులో రాసుకోండి. చాలావరకు అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. "అవర్", కాబట్టి యాన్ అవర్. "యూనివర్సిటీ", కాబట్టి ఎ యూనివర్సిటీ. "ఎమ్మెస్", కాబట్టి యాన్ ఎమ్మెస్. "వన్ వే టికెట్", కాబట్టి ఎ. స్పెల్లింగు చూసి మోసపోయేవాళ్ళకి ఇది మంచి మందు. మినహాయింపు యాపిల్, యాంట్ లాంటివి. అక్కడ మనం రాసే "యా" నిజానికి అచ్చే. ఇంకొకటి, మనం "హెచ్" అంటాం కానీ ఇక్కడివాళ్ళు "ఎయిచ్" అంటారు. అందుకే వాళ్ళకది యాన్ ఎయిచ్ వన్ బీ వీసా.

2015 మే నుంచి హెచ్4లో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. ఆ తర్వాత నేనూ కాగితాలు పెట్టుకుని, ఒక బడిలో నాలుగేళ్ళ పిల్లల క్లాసులో సహాయకురాలిగా చేరాను. నా ఇంగ్లీషు బాగుపడింది అక్కడే. ఆ పిల్లలు "ఐ గోడ్", "హీ కమ్డ్" అంటారు కానీ ద మాత్రం ఎప్పుడూ వదలరు. ఒకసారి "పుట్ బుక్ ఆన్ షెల్ఫ్" అంటే ఒక బుడతడు నడుం మీద చేతులు పెట్టుకుని "ద బుక్. ద షెల్ఫ్" అన్నాడు. పెద్దవాళ్ళెవరూ అలా దిద్దరు. ఇక్కడ మర్యాద అది. అర్థమైతే చాలనుకుని ఊరుకుంటారు. దాంతో మన తప్పు మనతోనే ఇరవై ఏళ్ళు కాపురం చేస్తుంది.

ప్రశ్న అడిగేటప్పుడు మనం చివర దీర్ఘం తీస్తే చాలు, వస్తావా, తిన్నావా. ఇంగ్లీషులో మాటలు చోటు మారాలి. "వేర్ యూ ఆర్ గోయింగ్?" కాదు, "వేర్ ఆర్ యూ గోయింగ్?" ఇది వచ్చేసరికి ఇంకో మెలిక. మర్యాదగా "కెన్ యూ టెల్ మీ" అని మొదలుపెట్టారనుకోండి, మారిన మాటలు మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. "కెన్ యూ టెల్ మీ వేర్ ద రెస్ట్‌రూమ్ ఈజ్?" చోటు మార్చుకునే పని ముందున్న "కెన్ యూ" చేసేసింది కాబట్టి రెండోసారి అక్కర్లేదు.

మిగతావి చిన్నవి. పాలు విరిగాయి, నీళ్ళు మరిగాయి అని మనం బహువచనంలో అనేవి వాళ్ళకి ఏకవచనం. లగేజ్, ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, హోంవర్క్, అడ్వైస్ కూడా ఏకవచనాలే, వీటికి ఎస్ చేర్చకండి. డిస్కస్ తర్వాత ఎబౌట్ వద్దు, "గురించి" ఆ మాటలోనే ఉంది. ప్రొఫెసర్ దగ్గరికెళ్ళి "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే ఆయన చెప్పింది మీరు నమ్మడం లేదేమో అనుకుంటాడు, "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటే స్పృహ తప్పి పడిపోయారని అర్థం, గ్రాడ్యుయేటెడ్ అనాలి.

యాస గురించి ఆ అమ్మాయి అడిగింది. దాని జోలికి పోవద్దన్నాను. తెనాలి యాసలో సరైన వాక్యం చెబితే అందరికీ అర్థమవుతుంది. అమెరికా యాస అతికించుకున్న తప్పు వాక్యం వినడానికి ఇంకా కష్టం. ఫోనులో రెండు నిమిషాలు ఏదో ఒకటి ఇంగ్లీషులో మాట్లాడి రికార్డు చేసుకుని, మర్నాడు వినమన్నాను. మర్నాడే వినాలి. వెంటనే వింటే, చెప్పాలనుకున్నదే వినిపిస్తుంది కానీ చెప్పింది వినిపించదు.

ఇక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునేవాళ్ళ కోసం ఉచితంగా కూర్చోబెట్టే బృందాలుంటాయి. వాలంటీర్లు నడుపుతారు, వీసా ఏమిటని అడగరు. నేను మొదట్లో రెండేళ్ళు వెళ్ళాను. కొరియా నుంచి వచ్చినావిడ, పెరూ నుంచి వచ్చినాయన, నేను, ముగ్గురం ముగ్గురి తప్పులూ పట్టుకునేవాళ్ళం. అక్కడ చేయాల్సింది ఒకటే. కూర్చోగానే "ప్లీజ్ కరెక్ట్ మీ" అని నోరు తెరిచి అడగాలి, లేకపోతే ఎవరూ దిద్దరు. ఈ గురువారం ఆ అమ్మాయిని తీసుకెళ్తున్నాను. క్లాసు ఐదున్నరకి అయిపోతుందట, ఆరింటికి కిందకి దిగుతానని చెప్పాను.