ఉమ్మడి ఫైరింజన్: ఆర్సీలో పేరున్నవారిదేనా?

సందేహం: మా పారిశ్రామికవాడలో నాలుగు రసాయన కంపెనీలం 2018లో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) రాసుకుని ఉమ్మడిగా అగ్నిమాపక ఏర్పాటు పెట్టుకున్నాం. ఒక ఫైరింజన్, 12 బీఏ సెట్లు (పొగలో ఊపిరి పీల్చుకునే సిలిండర్, మాస్కు సెట్లు), 400 లీటర్ల ఫోమ్ (మంటలార్పే నురగ ద్రవం), 40 హోస్ పైపులు, 10 వాకీటాకీలు కొన్నాం. పెద్ద కంపెనీ 40 శాతం, మిగతా ముగ్గురం తలా 20 శాతం డబ్బు పెట్టాం. బండి ఆర్సీ పెద్ద కంపెనీ పేరు మీద ఉంది, సామానంతా వాళ్ల షెడ్డులోనే ఉంది. వచ్చే మార్చి 31తో ఒప్పందం ముగించాలనుకుంటున్నాం. బండి తమదేననీ, ఇన్నేళ్ల డ్రైవర్ జీతం, డీజిల్ లెక్క తేలేదాకా ఏదీ కదలనివ్వమనీ వాళ్లంటున్నారు. అన్నీ నాలుగు సమాన వాటాలు వేయాలని మరో కంపెనీ అంటోంది. పంపకం గురించి ఎంఓయూలో ఒక్క ముక్క లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

సమాధానం: ఇద్దరి వాదనా నిలవదు. ఆర్సీ అనేది బండి ఎవరి పేరున రిజిస్టర్ అయిందో చెప్పే కాగితం. ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత మాత్రం ఆ పేరున్నవారి మీదే పడుతుంది. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చింది. కానీ డబ్బు పెట్టిన నలుగురి మధ్య హక్కు తేల్చేది ఆర్సీ కాదు. ఎంఓయూ, చెక్కులు, ఇన్‌వాయిస్, మీ నాలుగు కంపెనీల ఖాతా పుస్తకాల్లో ఆ సొమ్మును ఏ పద్దు కింద చూపారన్నది, ఇవి తేలుస్తాయి. మీరు మీ వాటాను 'విరాళం' అనో 'సర్వీసు చార్జీలు' అనో రాసుకుని ఉంటే కేసు బలహీనపడుతుంది. ముందు ఆ పద్దు తీసి చూడండి. ఎవరెంత పెట్టారో రుజువున్నప్పుడు వాటా ఆ నిష్పత్తిలోనే, అంటే 40:20:20:20. సమాన వాటాల మాట రుజువులేమీ లేనప్పుడు వచ్చేది.

మీది భాగస్వామ్య సంస్థ కాదు. లాభం పంచుకునే వ్యాపారమేదీ లేదు కాబట్టి భాగస్వామ్య చట్టంలోని లెక్కల పరిష్కార పద్ధతి మీకు వర్తించదు. మీరు ఉమ్మడి యజమానులు. ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 28 ప్రకారం, మిగతావారి అనుమతితో సరుకును ఒక్కరే తమ దగ్గర ఉంచుకుని, సంగతి తెలియని కొనుగోలుదారుడికి అమ్మేస్తే, కొన్నవాడికి పూర్తి హక్కు వచ్చేస్తుంది. తర్వాత మీకు మిగిలేది అమ్మినవాళ్ల మీద డబ్బు దావానే. అందుకే ఈ వారంలోనే రెండు పనులు చేయండి. మా సమ్మతి లేకుండా అమ్మకూడదని, తాకట్టు పెట్టకూడదని పెద్ద కంపెనీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. నలుగురి ప్రతినిధులూ నిలబడి ఛాసిస్ నంబరు, పంపు నంబరు, ప్రతి సిలిండర్ మీది సీరియల్ నంబరు ఫొటోలతో జాబితా రాసి సంతకాలు చేయండి.

ఖర్చుల లెక్క తేలేదాకా సామాను ఆపుకునే హక్కు వాళ్లకుందా? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 కింద వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి బాగుచేసినవాడికే, ఆ కూలి మేరకు, ఆపుకునే హక్కు ఉంటుంది. పంపు రిపేరు బిల్లు గురించి ఏమైనా అడగొచ్చేమో గానీ, షెడ్డులో పెట్టుకున్నందుకూ డీజిల్ పోసినందుకూ బండి ఆపే హక్కు రాదు. అయితే ఉమ్మడి అవసరానికి పెట్టిన న్యాయమైన ఖర్చు వాళ్లకు రావాల్సిందే. దాన్ని ఎగ్గొట్టాలని చూడకండి. అందులో 40 శాతం వాళ్లే భరించాలి, మిగతా 60 శాతం మీ ముగ్గురిది. వాళ్ల సొంత ప్లాంటు పనికి బండి తిరిగిన రోజులు లాగ్‌బుక్ చూసి తీసేయండి.

ఇక పంపకం. వస్తువులను ముక్కలు చేసి పంచడం ఇక్కడ పనికిరాదు. ఫోమ్ సంగతే చూడండి. 3 శాతం ఫోమ్ (నీటిలో 3 శాతం కలిపేది) 400 లీటర్లంటే సుమారు 13,300 లీటర్ల ద్రావణం. నిమిషానికి 450 లీటర్లు లాగే బ్రాంచి పైపుతో దాదాపు అరగంట కొట్టొచ్చు. సమాన వాటాల లెక్కన తలా 100 లీటర్లు పట్టుకెళితే ఒక్కొక్కరి చేతిలో ఉండేది 7 నిమిషాల ఫోమ్. సాల్వెంట్ ట్యాంకు మంట దగ్గర అది ఏ మూలకు? పైగా ఇంటికెళ్లి వేరే కంపెనీ ఫోమ్‌తో కలిపితే గడ్డకట్టే ప్రమాదముంది. బీఏ సెట్లు కూడా అంతే. సిలిండర్లు ఒకరికి, మాస్కులు, డిమాండ్ వాల్వులు ఇంకొకరికి పోతే ఇద్దరివీ తుక్కే. 6.8 లీటర్ల సిలిండర్‌ను 300 బార్‌కు నింపితే 2,040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కేస్తే, రిజర్వు పోగా 40 నిమిషాల పైచిలుకు. కానీ హైడ్రో టెస్టు (సిలిండర్ ఒత్తిడికి తట్టుకుంటుందో నీటితో చూసే పరీక్ష) గడువు దాటిన సిలిండర్‌ను నింపకూడదు. వాటాల్లో అలాంటి సిలిండర్ ఎవరికి వచ్చిందో చూడకుండా '3 సెట్లు ముట్టాయి' అని సంతకం పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. సిలిండర్ భుజం మీద చెక్కిన తేదీ చదివి జాబితాలో రాయండి.

కాబట్టి ఏ వస్తువు ఎవరికి పనికొస్తుందో వారు మొత్తంగా తీసుకుని, మిగతావారికి డబ్బు కట్టాలి. పైన చెప్పిన వస్తు విక్రయ చట్టం సెక్షన్ 4లో ఒక సహ యజమాని మరో సహ యజమానికి అమ్మవచ్చని స్పష్టంగా ఉంది. ఫైరింజన్ పెద్ద కంపెనీయే ఉంచుకోనివ్వండి. విలువ 10 లక్షలని తేలితే మీ ముగ్గురికీ తలా 2 లక్షలు వస్తాయి. ఆర్సీ మార్చే పని ఉండదు. వేరొకరు తీసుకుంటే ఫారం 29, ఫారం 30 పెట్టాలి. అదే రాష్ట్రంలోనైతే ఇచ్చేవారు 14 రోజుల్లో, తీసుకునేవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. వెల కట్టేటప్పుడు పుస్తకాల్లో తరుగుదల పోగా మిగిలిన అంకె నమ్మకండి, కిలోమీటర్ మీటరూ నమ్మకండి. ఫైరింజన్ నిలబడే పనిచేస్తుంది, పంపు నడిచిన గంటలు మీటర్‌లో పడవు. 7 కిలోల ఒత్తిడి దగ్గర అరగంట పంపు నడిపించి చూశాకే వాల్యూయర్ సంతకం పెట్టాలి.

వాకీటాకీలు ఎవరి వాటాలోకీ చేర్చకండి, లైసెన్స్ ఎవరి పేరున ఉందో వారికే వదిలేయండి. 446 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ శక్తి సెట్లైతే ఫర్వాలేదు. మిగతావి లైసెన్స్ లేకుండా దగ్గర పెట్టుకుంటే కొత్త కేసు.

కొన్నప్పుడు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే వెసులుబాటు) ఎవరు తీసుకున్నారో చూడండి. తీసుకున్నవారు ఆ యంత్రాన్ని ఊరికే ఇచ్చినా జీఎస్టీ లెక్కలో అది సరఫరాయే. సెక్షన్ 18(6) కింద, వాడిన కాలానికి తగ్గించగా మిగిలిన క్రెడిట్, అమ్మకపు విలువ మీది పన్ను, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. సెటిల్‌మెంట్ ధర ఖాయం చేసుకునే ముందే ఆడిటర్‌తో లెక్క వేయించండి. ఒప్పందానికి ఎంత స్టాంపు పడుతుందో కూడా ముందే కనుక్కోండి. స్టాంపు చాలని కాగితం, తక్కువైన డ్యూటీ పెనాల్టీతో కట్టేదాకా కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మార్చి 31 తేదీనే. ప్రమాదకర రసాయనాల నియమాలు 1989, రూల్ 13 మీకు వర్తిస్తే, ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాన్‌ను ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవాలి, ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. మీ ప్లాన్‌లో 'పొరుగు కంపెనీ ఫైరింజన్ వస్తుంది' అని రాసి ఉండి, ఏప్రిల్ 2న మంట లేచి బండి రాకపోతే, జవాబు చెప్పాల్సింది మీ ఆక్యుపయరే (ఫ్యాక్టరీపై అంతిమ అధికారం ఉన్న వ్యక్తి). కొత్త ఏర్పాటు చేసి, సవరించిన ప్లాన్ ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు అందజేసి, ఆ రసీదు చేతికొచ్చాకే సామాను కదలాలని ఒప్పందంలో షరతు రాయించండి. అప్పటిదాకా పిలిస్తే బండి వస్తుందని, డ్రైవర్ జీతం పాత నిష్పత్తిలోనే భరిస్తామని కూడా రాయాలి.

వాళ్లు ఏమాత్రం ఒప్పుకోకపోతే ఎంఓయూలో ఆర్బిట్రేషన్ క్లాజు (వివాదాన్ని కోర్టు బదులు ఆర్బిట్రేటర్ తేల్చాలనే షరతు) ఉందేమో చూడండి. లేకపోతే సివిల్ దావా. కోర్టు వాటాలు తేల్చి ప్రాథమిక డిక్రీ ఇవ్వగలదు, అవసరమైతే సామానుకు రిసీవర్‌ను (కోర్టు తరఫున దాన్ని చూసుకునే వ్యక్తిని) పెట్టగలదు. 3 లక్షలు, ఆపై విలువున్న వాణిజ్య వివాదమైతే, అత్యవసర ఉత్తర్వు కోరనప్పుడు, వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. సామాను ఇవ్వమని వాళ్లు రాతపూర్వకంగా తిరస్కరించిన తేదీని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. మూడేళ్ల గడువు అక్కడి నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం.