మొదట ఎవరు మాట్లాడాలి?

ప్రశ్న: నేను రాజోలు దగ్గర ఒక గ్రామంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. నిరుడు అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఆ వీధిలోని నల్లవారు, తెల్లవారు, మనవాళ్ళు పదిహేను రోజులకొకసారి ఒకచోట కూర్చుని జాతివివక్ష చరిత్రను చదివి మాట్లాడుకోవడం చూశాను. తిరిగి వచ్చాక మా గ్రంథాలయంలో అటువంటి బృందాన్నే మొదలుపెట్టాను. పన్నెండుమంది వచ్చారు. తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ తగువు మనకెందుకని ఊళ్ళో పెద్దలు అడిగారు. మొదటి రోజున, దళితుల పేట నుంచి వచ్చిన ఒక అబ్బాయిని తన అనుభవాలు చెప్పమని నేనే అడిగాను. అతను రెండు మాటలు చెప్పి ఊరుకున్నాడు, మళ్ళీ రాలేదు. నా పొరపాటేమిటి? బృందాన్ని కొనసాగించవచ్చా?

జవాబు: టీచరుగారూ, తప్పకుండా కొనసాగించండి. అయితే ముందు ఆ అబ్బాయి సంగతి. పదకొండుమంది వింటూ కూర్చున్నచోట ఒక్కడినే పేరుపెట్టి పిలిచి, నీకు జరిగిన అవమానం చెప్పమనడం, మీ ఉద్దేశం ఎంత మంచిదైనా, అతన్ని సభ్యుడిగా కాక సాక్షిగా నిలబెట్టడమే అయింది. విన్నవాళ్ళలో అతని తండ్రికి పొలం కౌలుకిచ్చిన రైతు ఉండవచ్చు, రేపు కొబ్బరి దింపుకు పిలవవలసిన తోట యజమాని ఉండవచ్చు. అక్కడ అన్న మాట మర్నాటి కూలి దాకా వెంటాడుతుందన్న భయం మీకు లేదు, అతనికి ఉంటుంది. మీరే అతని ఇంటికి వెళ్ళి, అలా అడగడం తప్పని చెప్పి రండి. తిరిగి రమ్మని మాత్రం ఆ రోజున అడగకండి.

మొదట మాట్లాడవలసినది ఊళ్ళోవాళ్ళు. తమ ఇంట్లో తాము చూసినదీ, చేసినదీ చెప్పాలి. మా పెరటి అరుగు మీద ఒక గ్లాసు ఎప్పుడూ విడిగా బోర్లించి ఉండేది. అది ఎవరికోసమో నాకు చిన్నప్పుడే తెలుసు, అయినా ఎందుకలాగని ఇంట్లో ఒక్కరినీ అడగలేదు. ఇలాంటి మాట ఒకటి మీరు ముందుగా చెబితే, మిగిలినవాళ్ళు తామేం చెప్పాలో వెతుక్కుంటారు. సమావేశంలో టీ ఇస్తారు కదా, అందరికీ ఒకే రకం గ్లాసుల్లో ఇవ్వండి, కడిగే వంతు కూడా అందరూ పంచుకోండి.

అమెరికాలో ఈ పద్ధతికి మంచి ఉదాహరణ ఉంది. 1957 జనవరిలో దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని జాన్స్ ద్వీపంలో, ఒక సహకార దుకాణం వెనుకగదిలో నల్లజాతి పెద్దలకు రాత్రిబడి మొదలైంది. ఓటరుగా నమోదు కావాలంటే చదవడం రావాలన్న నిబంధన అప్పట్లో వాళ్ళను ఓటుకు దూరంగా ఉంచేది. పౌరహక్కుల ఉద్యమకారిణి సెప్టిమా క్లార్క్ ప్రోత్సాహంతో అక్కడ చదువు చెప్పిన బెర్నిస్ రాబిన్సన్ వృత్తిరీత్యా సౌందర్య నిపుణురాలు. ఏం నేర్చుకోవాలని ఉందని ఆమె వచ్చినవాళ్ళనే అడిగింది. పేరు రాయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం అని వాళ్ళు చెప్పినవాటినే పాఠాలుగా చేసుకుంది. ఏం చర్చించాలో మీరు ముందే నిర్ణయించకుండా, పేటలోని ఆడవాళ్ళను కూడా కలిసి అడిగితే, మీ బృందం రూపమే మారుతుందని నా నమ్మకం.

ఇక మనకెందుకన్న పెద్దలకు రంగం, అంటే బర్మాలోని రంగూన్ సంగతి గుర్తుచేయండి. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన మన కూలీలను అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాలకోసం సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె తీరగానే తీసేశారు. దానితో రేగిన అల్లర్లలో ఎందరో భారతీయులు చనిపోయారు. జాతిద్వేషానికి గురైన కుటుంబాలు ఈ డెల్టాలోనే ఉన్నాయి.

అలాగని జాతి, కులం ఒకటేనని తేల్చేయకండి. ఆ రెండూ ముడిపడిన చోటు చూడాలంటే భగత్ సింగ్ తింద్ వ్యాజ్యం చదవండి. నాటి అమెరికా చట్టం ప్రకారం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ మాత్రమే పౌరసత్వం దక్కేది. అమెరికా సైన్యంలో పనిచేసిన ఆ పంజాబీ, తాను అగ్రకుల ఆర్యుణ్ణి కనుక తెల్లవాడినేనని వాదించాడు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నల్లవారి పక్కన నిలబడడానికి బదులు కులాన్ని చూపి తెల్లవారి వరుసలో చోటడిగిన ఆ వాదన గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవచ్చు. 1946లో అంబేడ్కర్ ఎంచుకున్న దారి వేరు. నల్లవారి సమస్యకూ అంటరానివారి సమస్యకూ ఉన్న పోలికను ప్రస్తావిస్తూ, నల్లజాతి మేధావి డు బాయిస్‌కి ఆయన ఉత్తరం రాశారు. ఆ అంబేడ్కర్ పేరును జిల్లాకు చేర్చినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. మీ బృందం ఆ రోజును దాటవేయకూడదు, అయితే మొదటి నెలలోనే ఎత్తుకోవద్దు. ముందు రాజ్యాంగం 15, 17 అధికరణాలను తెలుగులో పైకి చదవండి. 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దుకాణాలని విడివిడిగా రాసి ఉంటుంది. అవి మీ ఊళ్ళో ఎలా ఉన్నాయో ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్ళండి.

ప్రశ్న: జాతివివక్ష, వర్ణవివక్ష: ఏ మాట సరైనది? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: దక్షిణాఫ్రికా పాత పాలన గురించి మన పత్రికలు వర్ణవివక్ష అనే రాశాయి. వర్ణమంటే రంగే అయినా, చాతుర్వర్ణ్యం మన మాటే కనుక ఆ పదంలో రెండు అర్థాలు కలిసిపోతాయి. అమెరికా విషయానికి నేను జాతివివక్ష అంటాను. పెళ్ళిచూపుల్లో చామనఛాయ పిల్ల వద్దనడాన్ని రంగు వివక్ష అంటాను. తెల్లదొరతనం వద్దన్న గరిమెళ్ళ సత్యనారాయణ పాటకు దీటుగా, రాజమహేంద్రవరానికి చెందిన కుసుమ ధర్మన్న నల్లదొరతనం వద్దని పాట కట్టారు. అందులో నలుపు చర్మం రంగు కాదు, అంటరానివారిపై స్వదేశీయుల పెత్తనం.