ఆ కార్ట్‌లోంచి సీసాలు తీసెయ్, ముందు రెండు బకెట్లు కొను

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, కొన్నదేమో సెకండ్ హ్యాండ్ కారు, దాన్ని కడగడానికి ఇది 6,500 రూపాయల సామాను తెప్పిస్తోంది, నువ్వైనా చెప్పు" అని మొత్తుకుంది. నీ కార్ట్ స్క్రీన్‌షాట్ కూడా పంపింది. పెద్దనాన్న కళ్ళజోడు పెట్టుకుని మరీ లెక్కపెట్టారు, పదిహేడు వస్తువులు, అందులో పదకొండు సీసాలు. టైర్లు నల్లగా మెరవడానికి ఒకటి, డ్యాష్‌బోర్డు మెరవడానికి ఒకటి, తోలు సీట్లకి ఒకటి. నీ కారులో ఉన్నవి గుడ్డ సీట్లు కదే!

కొనొద్దని రాయట్లేదు. నల్ల కారు కొన్నావు కాబట్టి కిట్ నీకు మాలాంటి వాళ్ళకంటే ఎక్కువే అవసరం. కానీ ఆ డబ్బు సీసాల మీద కాదు, గుడ్డల మీదా బకెట్ల మీదా పెట్టు. కారు మీద కనిపించే సన్న గీతల్లో చాలావరకు మనం తుడిచేటప్పుడు పడేవే.

నాకిది తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడున్న బూడిద రంగు కారు కొన్న రెండో ఏడు, ఒక రాత్రి పెట్రోల్ బంకులో ఆగినప్పుడు ఆ తెల్ల లైట్ల కింద బానెట్ మీద సాలెగూడు అల్లినట్టు గీతలు కనిపించాయి. ఏ పిల్లాడో గీశాడనుకున్నా. మర్నాడు పొద్దున ఐదున్నరకి ఎందుకో సెల్లార్లోకి దిగితే అసలు సంగతి బయటపడింది. మా కార్లు తుడిచే అబ్బాయి చేతిలో ఒకటే బకెట్, ఒకటే పాత టీషర్టు ముక్క. పక్క కారు చక్రాలు తుడిచి, ఆ గుడ్డనే అదే నీళ్ళలో జాడించి, పిండి, నా బానెట్ మీద గుండ్రంగా తిప్పుతున్నాడు. బకెట్ అడుక్కి చెయ్యి పోనిచ్చి చూస్తే వేళ్ళకి గరగరమని ఇసుక తగిలింది. అతన్ని ఏమంటాం, పొద్దున ఎనిమిదిలోపు ఇరవై రెండు కార్లు తుడవాలి, కారుకి నెలకి 500 ఇస్తున్నాం. నేనే ఇంకో బకెట్, నాలుగు మంచి గుడ్డలు కొనిచ్చి, "నా కారుకి ఇవే వాడు బాబూ, రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు, డబ్బులు మాత్రం అంతే ఇస్తా" అన్నా. నువ్వు కూడా మీ అపార్ట్‌మెంట్లో ఎవరినైనా పెట్టుకుంటే ఇదే చెయ్యి.

రంగు మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు. అది సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. ఇసుక రవ్వ గీసేది దాన్నే. తెల్ల కార్ల మీద ఈ గీతలు అంతగా కనిపించవు, నల్ల కారు మీద ఎండ పడితే ఒక్కటి కూడా దాగదు. మీ ఏరియాలో ఏ వైపు చూసినా కొత్త టవర్ లేస్తోంది కదా, కారు మీద వాలేది మామూలు దుమ్ము కాదు, సిమెంటు, రాతి పొడి. దాన్ని పొడి గుడ్డతో దులిపావంటే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే ఆ రంగురంగుల పొడి డస్టర్ కూడా కార్ట్‌లోంచి తీసెయ్.

ఇక కొనాల్సినవి. రెండు బకెట్లు, పదిహేను లీటర్లవి, ఒకటి నీలం ఒకటి ఎరుపు అనుకో, రంగులు వేరుగా ఉండాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో ఉత్త నీళ్ళు. షాంపూలో ముంచి ఒక డోరు తోమాక, గుడ్డని ముందు ఉత్త నీళ్ళలో జాడించి, పిండి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. నాలుగు డోర్లు అయ్యాక ఆ ఉత్త నీళ్ళ రంగు చూడు, ఒక్క బకెట్‌తో కడిగి ఉంటే అదంతా కారు మీదికే మళ్ళీ వెళ్ళేది. బకెట్ అడుగున పెట్టే ప్లాస్టిక్ జల్లెడ ఒకటి అమ్ముతారు, ఇసుక కిందికి దిగి మళ్ళీ పైకి లేవకుండా. నేనది కొనలేదు. మూల వంగిపోయి పనికిరాని పాత ఇడ్లీ రేకు ఒకటుంటే బోర్లించి వేశా. గుంటలకి చిల్లులు ఉంటాయి కదా, ఇసుక వాటిలోంచి జారి రేకు కింద చేరుతుంది, గుడ్డ దాకా రాదు. పెద్దనాన్న మొదట నవ్వారు, ఇప్పుడు ఆయనే వెతికి తెచ్చి వేస్తారు.

గుడ్డల దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. మైక్రోఫైబర్ గుడ్డలు మూడు రకాలుగా కావాలి. తోమడానికి చేతికి తొడుక్కునే మిట్ ఒకటి, కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది, ఇసుక ఆ కుచ్చుల లోపలికి పోతుంది కాబట్టి స్పాంజి కంటే మేలు. స్పాంజి అయితే ఇసుకని పైనే పట్టుకుని కారంతా తిప్పుతుంది. ఆరబెట్టడానికి పెద్ద టవల్ ఒకటి. అద్దాలకీ లోపలికీ చిన్నవి నాలుగు. అట్ట మీద జీఎస్ఎం అని రాసి ఉంటుంది, అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో. చిన్న వాటికి 300, 350 సరిపోతుంది, ఆరబెట్టే టవల్‌కి 500 పైన ఉంటే నీళ్ళు బాగా పీలుస్తుంది. అంచున కుట్టిన లేబుల్ గరుకుగా ఉంటే కత్తిరించెయ్, గీతలు పెట్టేది అది కూడా. వీటిని విడిగా ఉతుకు. నూలు బట్టలతో కలిపి మిషన్లో వేస్తే ఆ నూలు పోగులన్నీ పట్టుకుంటాయి. మెత్తబడడానికి వేసే కంఫర్ట్ లాంటివి అస్సలు వద్దు, నీళ్ళు పీల్చే గుణం పోతుంది. కింద పడిన గుడ్డని దులిపేసి మళ్ళీ వాడకు, అది ఆ పూటకి చక్రాల గుడ్డ అయిపోయినట్టే.

షాంపూ ఒక్క సీసా చాలు, పీహెచ్ న్యూట్రల్ అని, అంటే ఆమ్లమూ క్షారమూ కానిదని, రాసి ఉన్నది ఏదైనా సరే. పది లీటర్ల నీళ్ళకి ఒకటి రెండు మూతలు, సీసా మీద ఎంత రాసి ఉంటే అంత. నురగ ఎక్కువొస్తే ఎక్కువ శుభ్రమని నువ్వు పోస్తూ పోకు. గిన్నెలు తోమే లిక్విడ్, బట్టల సబ్బు పొడి వద్దు. జిడ్డు వదిలించడమే వాటి పని కాబట్టి కారు మీద మెరుపుకి మైనంలా పూసే వ్యాక్స్‌ని కూడా లాగేస్తాయి. మా మొదటి కారు, ఎర్ర మారుతి 800ని, ఆరేళ్ళు సబ్బు పొడితో, పాత బనీనుతో ఆదివారం ఆదివారం తెగ తోమాం. చివరికి బానెట్ ఎండిన టమాటా తొక్క రంగుకి వచ్చింది. సగం పాపం ఎండది, సగం మాది.

ఇక మన హైదరాబాద్ నీళ్ళ సంగతి, దీని గురించి ఏ వీడియోలోనూ చెప్పరు. మన కింద ఉన్నదంతా గ్రానైటు, బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. నీ గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునేదే కారు మీదా పేరుకుంటుంది. ఎండలో కడిగి దానంతటదే ఆరుతుందిలే అని వదిలేస్తే నల్ల బానెట్ నిండా సున్నం చుక్కలు. అలాగని మంజీరా, కృష్ణా నీళ్ళు తెచ్చి కారుకి పోయకు, తాగే నీళ్ళు అవి, ఎండాకాలంలో మీ అపార్ట్‌మెంటుకే ట్యాంకర్లు వస్తున్నాయి. బోరు నీళ్ళతోనే కడుగు, కాకపోతే పొద్దున్నే నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, ఒక వైపు కడగ్గానే ఆ వైపు ఆరబెట్టేస్తూ వెళ్ళు. ఇప్పటికే చుక్కలు పడి ఉంటే తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి, గుడ్డ తడిపి ఆ చుక్క మీద ఒక నిమిషం ఉంచి తుడిచి, వెంటనే మంచి నీళ్ళతో కడిగెయ్. ఇదొక్క పనికి మాత్రం ఇంట్లో ఫిల్టర్ నీళ్ళు ఒక మగ్గు వాడుకో, నేనేమీ అనను.

మీ సెల్లార్‌లో పైపు పెట్టనివ్వరని విన్నా. ప్రెజర్ వాషర్ జోలికి పోకు, ప్లగ్గు దగ్గరే సెక్రటరీతో గొడవ. కుండీల్లో మొక్కలకి కొట్టే రెండు లీటర్ల పంపు స్ప్రేయర్ కొను. గుడ్డ తగిలించే ముందు కారంతా దాంతో తడిపితే దుమ్ము నాని సగం కిందికి జారిపోతుంది. ఇది మానేసి ఎంత ఖరీదు మిట్ వాడినా లాభం లేదు. మొత్తం కారుకి రెండు బకెట్లు, నాలుగు స్ప్రేయర్ల నీళ్ళు, అంతకంటే ఖర్చు కావు. పైనుంచి కిందికి రా, టాపు, అద్దాలు, బానెట్, డోర్లు, ఆఖర్న డోర్ల కింది భాగం. చక్రాలకి వేరే పాత గుడ్డ, వేరే బ్రష్షు, అవి బకెట్లో ముంచకు, మగ్గుతో పోసుకో. చక్రం మీద ఉండే నల్ల పొడిలో బ్రేక్ ప్యాడ్ల ఇనుప రజను ఉంటుంది.

లోపలికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. హార్డ్‌వేర్ షాపులో గోడలకి రంగులేసే అంగుళం బ్రష్షు, 30 రూపాయలు, ఏసీ సందుల్లో దుమ్ముకి దాన్ని మించింది లేదు. డ్యాష్‌బోర్డుకి పిండిన తడి గుడ్డ చాలు, మెరుపు లిక్విడ్ రాస్తే దుమ్ము ఇంకా అతుక్కుంటుంది, పైగా ఎండలో ముందు అద్దంలో దాని నీడ పడి కళ్ళు చెదురుతాయి. రబ్బరు మ్యాట్లు కడిగి పూర్తిగా ఆరాకే వెయ్యి, వానాకాలంలో కారంతా ముక్కిన వాసన వచ్చేది అక్కడినుంచే. బిర్యానీ పార్సిల్ సీటు మీద పెట్టకు, కింద కాళ్ళ దగ్గర పెట్టు. ఈ మాట ఎందుకంటున్నానో మీ అన్నయ్యని అడుగు.

పావురాల రెట్ట పడితే ఆదివారం దాకా ఆగకు. అందులో యూరిక్ యాసిడ్ ఉంటుంది, మన ఎండకి ఒకటి రెండు రోజుల్లోనే పెయింటు మీద మచ్చ దిగిపోతుంది. గీకొద్దు. డిక్కీలో ఒక నీళ్ళ స్ప్రే, ఒక పాత గుడ్డ ఎప్పుడూ ఉంచు, తడిపి, ఆ తడి గుడ్డ రెండు నిమిషాలు దాని మీదే ఉంచి, ఎత్తి తియ్యి. రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద వచ్చినప్పుడు ముందు భాగానికి అంటుకునే పురుగులకి కూడా ఇదే వైద్యం. దసరాకి ఆయుధ పూజ చేస్తావు కదా, పసుపు కుంకుమ చక్కగా పెట్టు, కానీ కుంకుమని నూనెతో తడిపి పెయింటు మీద పెట్టకు, నంబర్ ప్లేటు దగ్గర ప్లాస్టిక్ మీద పెట్టు. కొబ్బరికాయ బానెట్ కి దూరంగా కొట్టు, ఆ నీళ్ళు చింది ఎండితే జిగురు. బూడిద గుమ్మడికాయ కొట్టాక ముక్కలు ఎవరి టైరు కిందా లేకుండా తీసెయ్.

బకెట్లు, మగ్గు, బ్రష్షులు బేగంబజార్‌లో తీసుకో, షాంపూ, గుడ్డలు రాణిగంజ్‌లో ఏ ఆటో సామాన్ల షాపుకి వెళ్ళినా ఉంటాయి, పట్టుకుని చూసి కొనచ్చు. గుడ్డని అరచేతి మీద నెమ్మదిగా లాగి చూడు, గరుకు చర్మానికి కొంచెం పట్టుకోవాలి, జారిపోతే పెట్టెయ్. మొన్న మా తమ్ముడికి కొనిపెట్టినప్పటి లెక్క: రెండు బకెట్లు 280, మిట్ 180, చిన్న గుడ్డలు నాలుగు 300, పెద్ద టవల్ 250, షాంపూ 300, చక్రాల బ్రష్షు 60, రంగుల బ్రష్షు 30. పద్నాలుగు వందలు. స్ప్రేయర్ 280, వ్యాక్స్ డబ్బా 350 కలిపితే 2,030. చేతిలో డబ్బు టైట్‌గా ఉంటే వ్యాక్స్ వచ్చే నెలకి వాయిదా వెయ్యి, స్ప్రేయర్ మాత్రం ఇప్పుడే కొను. వానలకి ముందొకసారి, తర్వాత ఒకసారి వ్యాక్స్ పూస్తే చాలు, నీడలో, పల్చగా, కొంచెం కొంచెం భాగానికి. రబ్బింగ్ కాంపౌండ్ అని ఉన్న సీసా మాత్రం ముట్టుకోకు, అది క్లియర్ కోట్‌ని అరగదీసే మందు, తెలియని చేతిలో ప్రమాదం. పాత ఓనరు పెట్టిన గీతలు ఉంటే ఉండనీ, నువ్వు కొత్తవి పెట్టకుండా చూసుకో.

ఆదివారం పొద్దున ఆరింటికి మా ఇంటికి కారు తీసుకుని రా, ఏడున్నర దాటితే మా సెల్లార్ ర్యాంపు మీదికి ఎండ వచ్చేస్తుంది. నా మోకాళ్ళు వంగవు కాబట్టి కడిగేది నువ్వే, నేను కుర్చీ వేసుకుని చెప్తా, పెద్దనాన్న టీ పెడతారు. ఇడ్లీ రేకు రెండోది అటక మీద ఉంది, తీసి కడిగి పెడతా. ఆ తోలు సీట్ల సీసా ఆర్డర్ పెట్టేసి ఉంటే ఇవ్వాళే క్యాన్సిల్ కొట్టు.

మీ పెద్దమ్మ