సాగు సందేహాలు: పై మడి రైతు ఒప్పుకోకపోతే?

ప్రశ్న: మాది సారవకోట మండలంలో చెరువు కింద ఊరు. మా సంఘం సమావేశానికి వచ్చిన ఒక అధికారి, వరి మడుల్లో నీరు నిలవడం వల్ల కూడా భూమి వేడెక్కుతోందనీ, ఊరంతా కలిసి ఆరుతడి పద్ధతి (మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడపడం) పాటించాలనీ చెప్పారు. ఇంటికి వచ్చి చెబితే మా మామగారు నవ్వేశారు. "ఊళ్లో ఫ్యాక్టరీ లేదు, నాలుగు కార్లు లేవు. లోకాన్ని కాల్చింది మన వరి మడేనా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఇది చేయదగిన పనేనా?
- ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, మీ మామగారి మాటలో న్యాయం ఉంది. బొగ్గు, పెట్రోలు మండించి లోకాన్ని ఈ స్థితికి తెచ్చినవాళ్లలో సారవకోట రైతు లేడు. ఆ నేరం ఆయన మీద మోపినట్టు మాట్లాడితే నవ్వక ఏం చేస్తారు? ఆ అధికారి మాట మొదలుపెట్టవలసింది వాయువు దగ్గర కాదు, చెరువు మదుము (తూము) దగ్గర.

అయితే వాయువు సంగతి అబద్ధం కాదు. నీరు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. అది ఎక్కువగా వరి మొక్క గుండానే పైకి వస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ సుమారు 27 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మధ్యమధ్య మడి ఆరితే ఆ మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది.

ఆరుతడి అంటే చేను ఎండబెట్టడం కాదు. 30 సెంటీమీటర్ల గొట్టం ముక్క తీసుకుని, భూమిలోకి దిగే భాగానికి చిల్లులు పెట్టి మడిలో పాతండి. లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక, మళ్లీ మడిలో 5 సెంటీమీటర్ల నీరు పెట్టాలి. ఊడ్చిన తొలి రెండు వారాలు నీరు నిలపవలసిందే, లేదంటే కలుపుతో వేగలేరు. పూతకు వారం ముందు నుంచి వారం తరువాత వరకూ ఆరనివ్వకూడదు. యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా, దఫాలుగా, తడి పెట్టేముందు వేయండి. మడి ఆరుతూ తడుస్తూ ఉన్నప్పుడు ఎక్కువైన నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా లేచిపోతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది మీథేన్‌ను మించిన వాయువు. వానలు పడినన్నాళ్లూ మడి ఎలాగూ ఆరదు, దానికి బెంగ వద్దు. వానకూ వానకూ మధ్య రోజులే మన చేతిలో ఉన్నవి.

ఇక "ఊరంతా" అన్న మాట. నేను రాజాం, చీపురుపల్లి వైపు వ్యవసాయ శాఖలో పనిచేసిన రోజుల్లో ఒక రైతు ముచ్చటపడి ఈ గొట్టం పాతించుకున్నాడు. పొద్దున్నే పుల్ల పెట్టి కొలిచేవాడు. పై మడి ఆసామి రాత్రి గట్టు తెగ్గొట్టి తన నీళ్లు వదిలేసేవాడు. మర్నాటికి గొట్టం నిండా నీళ్లే! ఇద్దరికీ మాటలు కూడా ఆగిపోయాయి. బోరు కింద ఒక్కడైనా చేసుకోగల పని ఇది. మడి నుంచి మడికి నీరు పారే చెరువు ఆయకట్టులో ఒక్కడి వల్ల కాదు. అందుకని పొలంలో గొట్టాల కంటే ముందు నీటి వంతులు తేలాలి. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం ప్రకారం ఏర్పడే నీటి వినియోగదారుల సంఘాలు ఇందుకే ఉన్నాయి. వేసవిలో, పనులు లేనప్పుడు, అందరినీ కూర్చోబెట్టండి. పూడిక తీయడం, మదుము ఎవరి చేతిలో ఉండాలి, ఆ మనిషికి పంటలో ఎంత కొలవాలి, ఇవన్నీ ముందే తెగాలి. నా సలహా అడిగితే మొదటి మాట ఆయకట్టు చివరనున్న శివారు రైతుది కావాలి. సెప్టెంబరు చివర వాన మొహం చాటేస్తే ముందు బీటలు వేసేది అతని చేనే. ఆరుతడిలో సాగునీరు 30 శాతం దాకా మిగలవచ్చు. ఆ నీరు చెరువులోనే ఉంటే అతని పైరు పొట్టకర్ర దశ (కంకి ఇంకా పొట్టలో ఉండే దశ) గట్టెక్కుతుంది. మీ మామగారికి ఈ లెక్క చెప్పండి, భూగోళం గొడవ తరువాత చూసుకోవచ్చు.

ఈ వాయువులు తగ్గించినందుకు కార్బన్ డబ్బు ఇప్పిస్తామని ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే, వాటిని తెలుగులో చదివి వినిపించమనండి. ఎన్నేళ్ల ఒప్పందమో, రైతు వాటా ఎంతో తెలియకుండా సంతకం వద్దు.

ప్రశ్న: 2018 తిత్లీ తుఫానులో మా కొబ్బరితోట పోయింది. తీరం వెంబడి ఊరివాళ్లం కలిసి సరుగుడు వేస్తే గాలి ఆగుతుందా?
- ఒక పాఠకుడు, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: తిత్లీ లాంటి గాలిని ఏ చెట్టూ ఆపదు. దాని ఊపు కొంత తగ్గిస్తుంది, ఉప్పుజల్లునూ ఎగిరే ఇసుకనూ అడ్డుకుంటుంది. పైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి కనుక ఆ నెలకు ఈ అడ్డు నిలిచి ఉండాలి. చిక్కంతా ఇక్కడే. సరుగుడు నాలుగైదేళ్లకు కోతకు వస్తుంది, ధర బాగుందని అందరూ ఒకే ఏడాది నరికితే తోటలకు మళ్లీ అడ్డు ఉండదు. వరసల్ని పంచుకుని, ఏటా ఒక వంతు మాత్రమే కొట్టేలా కట్టుబాటు చేసుకోండి. అలలకు దగ్గరి మెత్తటి ఇసుకలో మాత్రం నాటకండి, అక్కడ ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. తీరంలో మొక్క పెట్టేముందు ఆ నేల ఎవరిదో, అటవీ శాఖ అనుమతి కావాలో కనుక్కోండి.