ఆ మాట ఎవరి చెవిన వేశారో ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి

ప్రశ్న: ఒక దావత్‌లో ముగ్గురు బంధువుల ముందు మా ఆడపడుచు కుటుంబం గురించి రెండు మాటలన్నాను. వాళ్లకు అప్పులున్నాయన్నాను, అది నిజమే. వాళ్లమ్మాయి ఎవరితోనో తిరగడం వల్లే ముందు కుదిరిన సంబంధం తప్పిపోయిందన్నాను, అది ఎవరో అంటే విన్నదే. ఇప్పుడు ఆ పిల్లను చూసుకున్న అబ్బాయి తరఫువాళ్లు వెనక్కి తగ్గారు. చెప్పింది నేనని వదినకు తెలియదు. ప్రతి నమాజులో తౌబా (పశ్చాత్తాపపడి అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోవడం) చేస్తున్నా మనసు నిలవడం లేదు. వదినకు చెప్పాలా?

జవాబు: చెప్పాలి సోదరీ. కానీ మొదట వదినకు కాదు.

అప్పుల మాట నిజమే అయినా తప్పే. ఎదుటివారిలో ఉన్న లోపాన్నే వాళ్లకు నచ్చని విధంగా వెనక చెబితే గీబత్, లేనిది చెబితే బుహ్తాన్ అని సహీహ్ ముస్లిం గ్రంథంలోని హదీసు (ప్రవక్త (స) బోధ). రెండో మాట అంతకన్నా చాలా బరువైనది. ఆడపిల్ల శీలం మీద నింద వేసినవాళ్లను ఖురాన్ (24:4) నలుగురు సాక్షులను తెమ్మంటుంది, తేలేకపోతే 80 కొరడా దెబ్బలని చెబుతుంది. మీరు అంత సూటిగా అనకపోయి ఉండవచ్చు, కానీ విన్నవాళ్లకు అర్థమైంది అదే. ప్రవక్త (స) భార్య హజ్రత్ ఆయిషా (ర) మీద పుకారు లేచినప్పుడు దిగిన ఖురాన్ వాక్యాల్లో ఒకటి (24:15) తెలియని సంగతిని నోటితో పలికి తేలికగా తీసుకున్నారని, అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దదని హెచ్చరిస్తుంది.

సంబంధం విషయంలో నిజం చెప్పడం తప్పా అని మీకు అనిపించవచ్చు. ప్రవక్త (స) కాలపు మహిళ ఫాతిమా బిన్త్ ఖైస్ (ర) తనను పెళ్లికి అడిగిన ఇద్దరి గురించి ప్రవక్త (స) దగ్గర ప్రస్తావించినప్పుడు, వాళ్లలోని ఇబ్బందులను ఆయన సూటిగానే చెప్పారు. అక్కడ ఆమె సలహా కోసమే వచ్చింది. ఆయన తెలిసినదే, అవసరమైనంతే చెప్పారు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు చూసిందీ లేదు.

మీ తౌబా ఎక్కడ ఆగిందో చూడండి. తప్పు మానడం, పశ్చాత్తాపపడటం, మళ్లీ చేయనని నిశ్చయించుకోవడం అల్లాహ్ హక్కుకు సంబంధించినవి. మనిషి హక్కు పోయిన చోట నాలుగోది ఉంది, పోయినదాన్ని తిరిగి ఇవ్వడం. ఇక్కడ పోయింది ఆ పిల్ల పరువు. క్షమాపణ వేడుకునే రాత్రి షబ్-ఎ-బరాత్ నాడు 'తెలిసీ తెలియక చేసిన తప్పులు మాఫ్ చేయండి' అని అందరికీ ఒకే మెసేజ్ పంపితే అది తిరిగి రాదు.

ఈ వారంలోనే ఆ ముగ్గురితో విడివిడిగా మాట్లాడండి. 'ఆ అమ్మాయి గురించి నేనన్న మాటకు ఆధారం లేదు, విన్నది అనేశాను, అలా అనడం నా తప్పు. మీరు ఎవరికి చెప్పారో వాళ్లకూ ఇది చెప్పండి' అనండి, చాలు. ఎవరి దగ్గర విన్నారో చెప్పకండి, అదింకో గీబత్ అవుతుంది. అప్పుల సంగతి మళ్లీ ఎత్తకండి, సర్దబోతే ఇంకా పాకుతుంది. తర్వాత అబ్బాయి ఇంటికి పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లి ఇదే చెప్పండి. చాలామంది ఇక్కడే జారిపోతారు. 'అమ్మాయి మంచిదేలెండి' అని పొగిడి వచ్చేస్తారు. పొగడ్త నిందను చెరపదు. అన్నది నేనే, అది ఆధారం లేని మాట అని ఒప్పుకుంటేనే చెరుగుతుంది.

వదినకు చెప్పే విషయంలో ఉలమాల్లో (ధర్మ పండితుల్లో) రెండు అభిప్రాయాలున్నాయి. చెప్పి మాఫీ అడగాల్సిందేనని కొందరంటారు. చెబితే కొత్త గాయమే తప్ప ఫలితం లేనప్పుడు, చెప్పకుండా వాళ్ల కోసం దుఆ (ప్రార్థన) చేసి, ఎక్కడ చెడు చెప్పారో అక్కడే మంచి చెబితే చాలని పండితుడు ఇబ్న్ తైమియా అన్నారు. మీ విషయంలో నష్టం ఇంకా నడుస్తోంది, పైగా సరిదిద్దేటప్పుడు మీ పేరు ఎలాగూ బయటికొస్తుంది. కాబట్టి మీరే చెప్పండి. వదినతో పాటు ఆ అమ్మాయినీ మాఫీ అడగండి. హక్కు ముందుగా ఆమెది. అన్న మాటను మళ్లీ పూర్తిగా వల్లించనక్కర్లేదు.

ఇద్దరిలో ఎవరైనా క్షమించనంటే అది వాళ్ల ఇష్టం. పెద్దలతో ఒత్తిడి చేయించకండి. మూడు రోజులకు మించి మాటలు మానకూడదన్న హదీసును వాళ్లకు అప్పజెప్పకండి. సలాం మాత్రం మానకండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీవారికి చెప్పండి. వదిన ఆయన తోబుట్టువు. ఈ సంగతి బయటివాళ్ల నోట ఆయన వినకూడదు.