ఫీడర్ కెమెరాలో డౌనీ, హెయిరీ వడ్రంగి పిట్టలను గుర్తుపట్టడం

నమస్కారమండీ. అమెరికాలోని ఇథాకాలో ఉన్న కార్నెల్ పక్షిశాస్త్ర పరిశోధనశాల వారి ఫీడర్ (పక్షులకు మేత పెట్టే చోటు) కెమెరాలో డౌనీ, హెయిరీ వడ్రంగి పిట్టలు రెండూ ఒకేలా కనిపిస్తున్నాయనీ, అందువల్ల ఏది దేనిని తరిమిందో నమోదు చేయలేకపోతున్నాననీ మీరు రాశారు.

హెయిరీ పెద్దదే అయినా, పిట్ట కెమెరాకు ఎంత దూరాన వాలిందన్న దాన్ని బట్టి పరిమాణం మారి కనిపిస్తుంది కాబట్టి దానిని నమ్ముకోకండి. పిట్ట తల పక్కకు తిప్పిన క్షణంలో వీడియో ఆపి ముక్కును తలతో పోల్చి చూడండి: డౌనీ ముక్కు పొట్టిగా, తల పొడవులో ఇంచుమించు మూడో వంతే ఉంటుంది, హెయిరీ ముక్కు దాదాపు తలంత పొడవుంటుంది. మేతగా పెట్టిన కొవ్వు దిమ్మను పట్టుకుని తోకను ఊతగా ఆనించినప్పుడు తోక అంచు ఈకలు కనిపిస్తే మరీ మంచిది, ఎందుకంటే సాధారణంగా డౌనీకి వాటిపై నల్లని మచ్చలుంటాయి, హెయిరీకి అవి తెల్లగానే ఉంటాయి. తల వెనుక ఎర్రటి మచ్చ రెండు జాతుల మగపిట్టలకూ ఉంటుంది. కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది అదే.

ఇక తరిమివేత సంగతి. రెండో పిట్ట వచ్చి వాలడం వల్ల మొదటిది చోటు వదిలితేనే తరిమివేతగా లెక్కించడం సబబు. అది ముందే ఎగిరిపోయి, తరువాత ఖాళీ చోటులో మరొకటి వాలితే లెక్కించకూడదు. ముక్కు, తోక రెండూ కనిపించని క్లిప్పులో జాతిని ఊహించి రాయకండి.