ఉల్లిపొరలో కేంద్రకం కనిపిస్తుంది, రంధ్రాలు కనిపించవు

కావలి నుంచి రాసిన తమ్ముడూ, ఉల్లిపొర స్లైడులో కేంద్రకం మసకగా ఉందనీ, పుస్తకంలో ఉన్న కేంద్రక రంధ్రాలు (కేంద్రకం చుట్టూ ఉండే త్వచంలోని సన్నటి రంధ్రాలు) ఎంత ఫోకస్ చేసినా దొరకడం లేదనీ, కాలేజీ మైక్రోస్కోపు పాడైందేమోననీ అడిగావు. మైక్రోస్కోపు పాడవలేదు, టెన్షన్ పడకు.

ఆ రంధ్రం వెడల్పు సుమారు 100 నానోమీటర్లు (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). మామూలు కాంతితో చూసేటప్పుడు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగా కలిసిపోతాయి. ఈ హద్దును జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఎర్నస్ట్ అబ్బే 1873లోనే చెప్పాడు. కేలన్, టామ్లిన్ అనే శాస్త్రవేత్తలు 1950లో ఉభయచరాల అండకణాల కేంద్రక త్వచాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాకే ఆ రంధ్రాలు బయటపడ్డాయి. కాబట్టి రికార్డులో నీకు కనిపించిందే గీయి. కనిపించని రంధ్రాలు గీయడం నాకైతే తప్పే అనిపిస్తుంది.

మసక సంగతి వేరు, అది సరిచేయొచ్చు. రేకు లోపలి వైపు పొరను ఒకే వరసగా తియ్యి. ఎసిటోకార్మిన్ (కేంద్రకానికి పట్టే ఎర్ర రంగు) చుక్క వేసి ఐదు నిమిషాలు ఆగు. డయాఫ్రమ్ (కాంతిని తగ్గించే మూత) కొద్దిగా మూసి, ముందు 10ఎక్స్‌లో చూసి తర్వాత 40ఎక్స్‌కి వెళ్ళు. కేంద్రకం కోసం కణం మధ్యలో వెతకొద్దు, పెద్ద రిక్తిక (కణంలోని ద్రవం నిండిన సంచి) దాన్ని గోడ పక్కకు నెట్టేస్తుంది. లోపల ఒకటో రెండో గుండ్రటి చుక్కలుంటే అవి కేంద్రకాంశాలు.

ఇంకొకటి, మన ఎండలకు రంగు త్వరగా ఆరిపోతుంది. ఒంగోలులో మే నెలలో నా స్లైడు అంచుల్లో ముదురు రేణువులు కట్టాయి. వాటినే కేంద్రకాలనుకుని ఒక పూటంతా గీశాను. కవర్ స్లిప్ పక్కన మరో చుక్క రంగు వేస్తే సరిపోతుంది.